మన ఆడబిడ్డల నీటి బుడగల జబ్బు – నడక చేసే మేలు



ఈ నెల నేను రాయబోయే సంగతి చూసి మన సంఘ పెద్దలలో కొందరు నొసలు చిట్లించవచ్చును. పాస్టరుగారు వాక్యము బోధించుట మాని ఆడవారి నెలసరి గూర్చి రాయడమేమిటని అడగవచ్చును. నేను కూడా చాలా కాలము అలాగే అనుకొని నోరు మూసుకున్నాను. ఆ మౌనము వలన ఒక కుటుంబము ఎంత నలిగిపోయినదో చూసిన తరువాత ఇక రాయక తప్పదనిపించింది.

కోదాడ దగ్గర ఒక పల్లెలో గృహ ప్రార్థన ముగిసింది. అందరూ టీ తాగి వెళ్ళిపోయారు. ఒక తల్లి మాత్రము గుమ్మము దగ్గర నిలబడిపోయింది. నా భార్యను పక్కకు పిలిచి, "అమ్మగారూ, పిల్లకు ఐదు నెలల సంది నెల రాట్లేదు. సూర్యాపేటల స్కానింగ్ తీస్తే కడుపుల నీటి బుడగలున్నయంటున్నరు. పెండ్లయితదా, పిల్లలైతరా? అయ్యగారితోటి ప్రార్థన చేయించుర్రి, కానీ ఏం సంగతో ఆయనకు చెప్పకుర్రి" అన్నది. ఆ బిడ్డకు పంతొమ్మిదేళ్ళు, డిగ్రీ చదువుతోంది. మెడ చుట్టూ నల్లగా అయ్యిందని తల్లి ప్రతి ఆదివారము సున్నిపిండితో రుద్ది రుద్ది ఎర్రగా కందిపోయేటట్టు చేస్తున్నదట. అది మురికి కాదు. ఆ సంగతి కొంచెము తరువాత చెప్తాను.

నా భార్య ఆ మాట నాతో చెప్పినప్పుడు నాకు వెంటనే మరొక ముఖము గుర్తుకు వచ్చింది. చాలా ఏళ్ళ క్రితము మిర్యాలగూడ వైపు నేను సేవ చేసిన చోట ఒక యౌవన దంపతులు ఉండేవారు. పెండ్లయి నాలుగేళ్ళు, పిల్లలు లేరు. ఆమె ప్రతి శుక్రవారము ఉపవాస కూటమునకు వచ్చేది. మందిరములో ఎప్పుడూ కొంగు గడ్డము మీదికి లాక్కొని కూర్చునేది. అది భక్తి అనుకున్నాను. గడ్డము మీద వెంట్రుకలు వస్తున్నందుకు సిగ్గుపడి కప్పుకుంటున్నదని తరువాత ఎప్పుడో తెలిసింది. ఒకనాడు నేను ఆమెతో, "అమ్మా, నీ విశ్వాసములో ఎక్కడో లోపమున్నదేమో పరీక్షించుకో" అన్నాను. డాక్టరు దగ్గరకు వెళ్ళావా అని అడగలేదు. అడగడము నా పని కాదనుకున్నాను.

సమూయేలు మొదటి గ్రంథము మొదటి అధ్యాయములో హన్నా ఏడ్చుచు పెదవులు మాత్రము కదల్చుచు ప్రార్థించుచుండగా యాజకుడైన ఏలీ ఆమెను తాగి వచ్చినదనుకొన్నాడు. ఆ భాగము మీద నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. ప్రతిసారీ హన్నా గురించే చెప్పాను, ఏలీ గురించి చెప్పలేదు. కానీ ఏలీ ఆమె చెప్పినది విని, నిలుచున్న చోటనే తన మాట మార్చుకున్నాడు. నాకు ఏళ్ళు పట్టింది. ఈలోపు ఆమె అత్తగారు ఆమెను పుట్టింటికి పంపించి కొడుకునకు రెండవ సంబంధము గూర్చి మాట్లాడడము మొదలుపెట్టింది. దేవుని దయ వలన ఆ కుర్రవాడు ఒప్పుకోలేదు. ఇప్పుడు ఇద్దరూ హైదరాబాదులో కలిసి ఉన్నారు. పిల్లలు ఇంకా లేరు. నేను ఫోను చేసి క్షమాపణ అడిగితే ఆమె చాలాసేపు మాట్లాడింది.

ఏమిటీ జబ్బు?

డాక్టర్లు దీనిని పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్ అంటారు. పీసీఓఎస్ అనీ, మన ఊళ్ళలో పీసీఓడీ అనీ చెప్పుకుంటారు. 1935లో అమెరికాలోని చికాగో నగరములో స్టైన్, లెవెంతాల్ అనే ఇద్దరు వైద్యులు ఏడుగురు స్త్రీలను పరిశీలించి మొదట దీనిని వివరంగా రాశారు. ఇది అరుదైన రోగము కాదు. పిల్లలు కనే వయసులోని ప్రతి పదిమంది స్త్రీలలో ఇంచుమించు ఒకరికి ఉంటుంది. మన ప్రాంతములో లేదనుకోవద్దు. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో 15 నుండి 18 ఏళ్ళ ఆడపిల్లలు 460 మందిని పరీక్షించి 2011లో ఫలితము ప్రచురించారు. వారిలో నూటికి తొమ్మిది మందికి పైగా ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. అంటే మన సండే స్కూలు పెద్ద తరగతిలో ఇరవై మంది ఆడపిల్లలుంటే ఇద్దరికి ఉండవచ్చును. వాళ్ళు మనతో చెప్పరు.

నీటి బుడగలు అనగానే గడ్డలనీ, కోసి తీసేయాలనీ భయపడతారు. అవి గడ్డలు కావు. అండాశయములో ప్రతి నెలా కొన్ని చిన్న చిన్న గింజల వంటివి పెరగడము మొదలవుతుంది. వాటిలో ఒకటి పక్వమై విడుదల కావాలి. ఈ జబ్బులో ఏదీ పూర్తిగా పక్వము కాక అన్నీ సగములో ఆగిపోతాయి. పొట్ట దశలోనే ఆగిపోయిన వరిచేను వంటిదన్నమాట. స్కానింగులో కనబడేవి ఆ సగములో ఆగినవే.

ఆగిపోవడానికి కారణము చెప్పాలంటే మిర్యాలగూడకు రావాలి. కోతల కాలములో రైసు మిల్లుల ముందు ధాన్యపు ట్రాక్టర్లు రోడ్డు పొడవునా ఆగి ఉండడము మనమందరము చూసినదే. గేటు తీయకపోతే ధాన్యము లోపలికి పోదు, రోడ్డు మీదనే నిలిచిపోతుంది. మనము తిన్న అన్నము చక్కెరగా మారి రక్తములో ప్రయాణము చేస్తుంది. అది కండలలోనికి పోవాలి. ఇన్సులిన్ అనే రసము గేటు తీసే పనివాడు. ఈ జబ్బు ఉన్న చాలా మందిలో గేటు తుప్పు పట్టినట్టుంటుంది. ఒక పనివాడు నెడితే రాదు. అందుకని శరీరము ఇంకా ఇంకా ఇన్సులిన్‌ను పంపిస్తుంది. గేటు దగ్గర గుమిగూడిన ఆ అదనపు పనివాళ్ళు ఊరకుండరు గదా! అండాశయము దగ్గరకు పోయి, అక్కడ మగ హార్మోను ఎక్కువగా తయారయ్యేటట్టు చేస్తారు. స్త్రీ శరీరములో మగ హార్మోను కొంచెము ఉండడము సహజమే. అది హద్దు మీరినప్పుడు అండము పక్వము కాదు, నెలసరి తప్పుతుంది, గడ్డము మీద వెంట్రుకలు, ముఖము మీద మొటిమలు వస్తాయి. మెడ మీద, చంకలలో చర్మము నల్లగా, మందముగా అవడము కూడా ఆ ఎక్కువైన ఇన్సులిన్ గుర్తే. కనుక తల్లులారా, సున్నిపిండితో రుద్దకండి. అది పోదు, పిల్లకు మంట తప్ప.

ఈ జబ్బు అందరికీ ఒకే విధముగా ఉండదు. లావుగా ఉన్నవారికే వస్తుందనుకోవడము పొరపాటు. సన్నగా ఉన్న ఆడపిల్లలకూ వస్తుంది. 2003లో రోటర్‌డామ్ నగరములో కూడిన వైద్యులు మూడు గుర్తులు పెట్టారు: నెలసరి సరిగా రాకపోవడము, మగ హార్మోను లక్షణాలు, స్కానింగులో బుడగలు. మూడింటిలో రెండు ఉండి, థైరాయిడ్ వంటి వేరే కారణాలు లేవని తేలిన తరువాతనే పీసీఓఎస్ అంటారు. పెద్దమనిషి అయిన మొదటి సంవత్సరము నెలసరి అటూ ఇటూ కావడము సహజము. అంతే కాదు, పెద్దమనిషి అయ్యాక ఎనిమిదేళ్ళ దాకా స్కానింగులో బుడగలు కనబడినంత మాత్రాన ఈ జబ్బు అని తేల్చకూడదని 2023లో వెలువడిన అంతర్జాతీయ వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ వయసులో చాలా మందికి అవి మామూలుగానే కనబడతాయి. పదిహేనేళ్ళ పిల్లకు ఒక్క స్కానింగు కాగితము చూసి సంబంధాల గురించి ఏడ్చే తల్లిదండ్రులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

వెనుక గేటు

ఇక అసలు సంగతి. కండ పని చేసినప్పుడు ఒక విచిత్రము జరుగుతుంది. ఇన్సులిన్ వచ్చి ముందు గేటు తీయకపోయినా కండ తన వెనుక గేటు తానే తీసుకొని చక్కెరను లోపలికి లాగుకుంటుంది. నడక ఆపిన తరువాత కూడా ఒక రోజు, కొందరిలో రెండు రోజుల దాకా ఇన్సులిన్ మాట కండ బాగా వింటుంది. రక్తములో ఇన్సులిన్ తగ్గితే అండాశయము మీద ఒత్తిడి తగ్గుతుంది. క్రమము తప్పక వ్యాయామము చేసేవారిలో కొందరికి నెలసరి తిరిగి గాడిలో పడడము ఇందుకే. సృష్టికర్త ఈ శరీరములో ఎన్ని తలుపులు పెట్టాడో!

ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే, బరువు తగ్గకపోయినా మేలు జరుగుతుంది. మన ఆడపిల్లలు నెల రోజులు నడిచి, కాటా ఎక్కి చూసి, ముల్లు కదల్లేదని మానేస్తారు. కాటాకు కనబడనిది లోపల జరుగుతూ ఉంటుంది. లావుగా ఉన్నవారు నూటికి ఐదు నుండి పది వంతుల బరువు తగ్గితే ఇంకా మంచిది. డెబ్బై కిలోల మనిషి నాలుగైదు కిలోలు తగ్గినా చాలు, సినిమా నటి లాగా కావలసిన పని లేదు.

ఎంత చేయాలి? ఆ 2023 మార్గదర్శకాల ప్రకారము పెద్దవారు వారానికి కనీసము 150 నిమిషాలు, అంటే వారములో ఐదు రోజులు అరగంట చొప్పున, కొంచెము ఊపిరి వేగము పెరిగేటట్టు నడవాలి. పక్కవారితో మాట్లాడగలగాలి గాని పాట పాడలేకపోవాలి, అదే సరైన వేగము. బరువు తగ్గవలసినవారు కనీసము 250 నిమిషాలకు పెంచుకోవాలి. దానితో పాటు వారానికి రెండు రోజులు, ఒక రోజు వదిలి ఒక రోజు, కండలకు బలము చేకూర్చే పని ఉండాలి. ఎదిగే ఆడపిల్లలకైతే రోజూ గంట సేపు ఆట గాని, పరుగు గాని కావాలి. మన పిల్లలకు ఆ గంట ఎక్కడున్నది? ఇంటర్మీడియట్ పిల్లలను తెల్లవారుజాము నుండి రాత్రి దాకా బల్లల మీద కూర్చోబెట్టి, ఆదివారము కూడా స్పెషల్ క్లాసులంటారు. ఆట స్థలము లేని కాలేజీకి లక్ష రూపాయల ఫీజు కడుతున్నాము. ఇది నాకు కోపము తెప్పించే విషయము, ఇంతటితో ఆపుతాను.

ఒక ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. ఈ జబ్బుకు యోగా మంచిదని డాక్టర్లు చెబుతున్నారే, విశ్వాసులు చేయవచ్చునా? దాచిపెట్టకుండా చెప్తాను. ఆంధ్రప్రదేశ్‌లోని రెసిడెన్షియల్ కాలేజీ పిల్లల మీద 2013లో ప్రచురించిన మరొక పరిశోధన ఉన్నది. ఈ జబ్బు ఉన్న 90 మంది ఆడపిల్లలను రెండు గుంపులు చేసి, ఒక గుంపుతో యోగా, మరొక గుంపుతో మామూలు వ్యాయామము, రోజుకు గంట చొప్పున పన్నెండు వారాలు చేయించారు. మగ హార్మోను తగ్గడములోను, నెలసరి కుదుటపడడములోను యోగా గుంపు ముందున్నది. బరువు విషయములో రెండు గుంపులకూ చెప్పుకోదగిన తేడా లేదు. ఇది నిజము, మనకు ఇబ్బందిగా ఉన్నదని కప్పిపుచ్చకూడదు. అయితే అది ఒక్క కాలేజీ పిల్లల మీద చేసినది. తరువాత ఎన్నో పరిశోధనలను చూసి రాసిన 2023 మార్గదర్శకాలు ఫలానా వ్యాయామమే గొప్పదని తేల్చలేదు. మానకుండా చేయగలిగినదే మంచిదన్నాయి. మంత్రాలూ ధ్యానమూ మనస్సాక్షికి అడ్డు వచ్చేవారు వాటి జోలికి పోనవసరము లేదు. నడుము వంచుట, చేతులు చాపుట, నిదానముగా ఊపిరి పీల్చి వదలుట ఏ మతము సొత్తూ కాదు. అలాగని సహోదరి ఒకామె వంగి కాలి వేళ్ళు పట్టుకుంటే ఆమె రక్షణను గూర్చి చర్చ పెట్టవద్దని మనవి.

తిమోతికి రాసిన మొదటి పత్రిక నాలుగవ అధ్యాయములో పౌలు శరీర సాధకమునకు కొంచెము ప్రయోజనమున్నదని చెప్పి, భక్తికి ఎక్కువ ప్రయోజనమున్నదన్నాడు. మనము ఆ రెండవ మాట పట్టుకొని మొదటిది వదిలేశాము. కొంచెమంటే సున్న కాదు గదా. ఆ పౌలే వేల మైళ్ళు నడిచినవాడు. రిబ్కా సంగతి చూడండి: పది ఒంటెలకు బావిలోనుండి నీళ్ళు చేది పోసింది. దాహముతో వచ్చిన ఒంటె వంద లీటర్ల దాకా తాగగలదు. ఎన్ని కడవలో మీరే లెక్క వేసుకోండి!

మన ఊళ్ళలో ఎట్లా?

"అయ్యగారూ, పొద్దంతా నాటు వేసి వచ్చినోళ్ళం, మళ్ళీ నడవాల్నా?" అని ఒక అక్క అడిగింది. అక్కరలేదు. వంగి నాటు వేసి, కలుపు తీసి వచ్చిన స్త్రీకి కావలసినది విశ్రాంతి, కడుపునిండా మంచి తిండి. సాగర్ ఎడమ కాలువ కింద రెండు పంటలు పండే ఊళ్ళలో కూడా ఆ పని ఏడాది పొడవునా ఉండదు. కోత ఇప్పుడు మిషన్లు కోస్తున్నాయి, దంచడము మిల్లుకు పోయింది, నీళ్ళు నల్లాలో వస్తున్నాయి. మన నాయనమ్మలు రోకలితోను, తిరగలితోను చేసిన పని మన బిడ్డలకు లేదు. ఆ కష్టము తిరిగి రావాలని నేను కోరుకోను. ఆ కదలిక మాత్రము ఏదో ఒక రూపములో కావాలి. కాలేజీ పిల్లలు, రోజంతా కుట్టు మిషను ముందు కూర్చునేవారు, కిరాణా కొట్టులో కూర్చునేవారు, ఇంటిపట్టున ఉండేవారు, వీరికే ఈ మాటలు.

ఆడవారు ఒంటరిగా రోడ్డు మీద నడిస్తే కుక్కలు వెంటబడతాయి, మనుషులు మాట్లాడతారు. విజయవాడ హైవే పక్కన ఉన్న ఊళ్ళవారు తెల్లవారుజామున ఆ రోడ్డెక్కవద్దు, లారీల వేగము మీకు తెలిసినదే. మా స్త్రీల సమాజము వారు దీనికొక ఉపాయము చేశారు. తెల్లవారుజామున మందిరములో చిన్న ప్రార్థన చేసుకొని అందరూ కలిసి కాలువ కట్ట మీద నడిచి వస్తారు. గుంపుగా పోతే ఎవరూ ఏమీ అనరు. పైగా "నెల రావట్లేదక్కా" అనే మాట కూటములో రాదు గాని, నడకలో వస్తుంది. వానాకాలములో కట్ట బురదయి సగము మంది మానేశారు. మిగిలినవారు మందిరపు ఆవరణలోనే చుట్లు తిరిగారు.

బలము కోసము జిమ్ముకు పోవలసిన పని లేదు. బడిలో తప్పు చేస్తే తీయించే గుంజీలు గుర్తున్నాయా? అవి మంచి వ్యాయామము. చెవులు పట్టుకోకపోయినా ఫరవాలేదు. పది తీసి, ఆగి, మళ్ళీ పది. మోకాళ్ళ నొప్పులున్నవారు కుర్చీలోనుండి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవాలి. గోడకు రెండు చేతులు పెట్టి వంగి, తోసి లేవాలి. రెండు సీసాలలో నీళ్ళు పోసి చేతులతో ఎత్తి దించాలి. పిల్లలైతే తాడాట, ఖోఖో, కబడ్డీ. మొదటి వారము పది నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకోండి. రెండు రోజులకు మించి విరామము ఇవ్వకండి, ఆ గేటు మళ్ళీ బిగుసుకుంటుంది. గుండె జబ్బు గాని, మరే పెద్ద జబ్బు గాని ఉన్నవారు ముందు డాక్టరును అడగాలి.

నడుస్తున్నామని మందులు మానవద్దు. ఇది గట్టిగా చెప్పాలి. నెలసరి రావడానికి డాక్టరు కొన్నిసార్లు కుటుంబ నియంత్రణ మాత్రలు రాస్తారు. పెండ్లి కాని పిల్లకు ఆ మాత్రలా అని తల్లులు చీటీ చింపివేస్తున్నారు. ఆ మాత్రలు ఇక్కడ నెలసరిని క్రమములో పెట్టడానికి, మగ హార్మోనును అణచడానికి. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. మూడు నెలలు దాటినా నెలసరి రాకపోతే తప్పక చూపించుకోవాలి. అలాగే ఏళ్ళ తరబడి వదిలివేస్తే గర్భసంచి లోపలి పొర మందమై తరువాత ప్రమాదకరము కావచ్చును. మధుమేహము కూడా ఈ స్త్రీలకు ఎక్కువగా వస్తుంది గనుక చక్కెర పరీక్ష చేయించుకోవాలి. సూర్యాపేటలో 2019 నుండి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉన్నది. దూరము పోయే శక్తి లేదని ఊరుకోవద్దు.

మరొక హెచ్చరిక. బుడగలున్నాయి, గర్భసంచి తీయించుకుంటే పీడ పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. గర్భసంచి తీసినా ఈ జబ్బు పోదు, ఎందుకంటే జబ్బు ఉన్నది అక్కడ కాదు. దేశములో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాలలో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ముందు వరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. రెండవ డాక్టరును అడగకుండా ఆపరేషను బల్ల ఎక్కవద్దు.

పిల్లలు కలుగుతారా అన్న ప్రశ్నకు: ఈ జబ్బు ఉన్న చాలా మంది స్త్రీలు తల్లులవుతున్నారు. కొందరికి వ్యాయామముతోనే అండము విడుదలవుతుంది, కొందరికి దానితో పాటు మాత్రలు కావాలి. అయితే భర్తలారా, మీకు కూడా ఒక పరీక్ష ఉన్నది. చాలా తేలికైనది, ఖర్చు కూడా తక్కువ. మీరు ఆ పరీక్ష చేయించుకోకుండా భార్యను ఆసుపత్రుల చుట్టూ తిప్పడము న్యాయము కాదు. అత్తమామలకు కూడా ఈ వ్యాసము చదివి వినిపించండి.

కోదాడ దగ్గరి ఆ బిడ్డ సంగతి అడుగుతారేమో. ఆమెను నా భార్య స్త్రీల డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్ళింది. కొద్ది నెలలు మాత్రలు వాడింది, తల్లితో కలిసి నడక మొదలుపెట్టింది. బరువు రెండు కిలోలే తగ్గింది. మాత్రలు డాక్టరే ఆపించిన తరువాత ఆరు నెలలలో నాలుగు సార్లు నెలసరి దానంతట అదే వచ్చింది. గడ్డము మీద వెంట్రుకలు మాత్రము ఇంకా ఉన్నాయి, వాటికి ఎక్కువ కాలము పడుతుందని డాక్టరు చెప్పారు. ఇప్పుడు ఆ తల్లి తన సంగతి నాతోనే నేరుగా మాట్లాడుతుంది. మొన్న ఆరాధన అయ్యాక వచ్చి, "అయ్యగారూ, ఆదివారం గూడ నడవొచ్చునా, తప్పైతదా?" అని అడిగింది. ఆమె ఇంటి నుండి మందిరమునకు మైలున్నర. ఆటోలో వస్తున్నారు. "ఆటో దిగమ్మా" అన్నాను. పోయిన ఆదివారము తల్లీబిడ్డలిద్దరూ చెమటలు కక్కుతూ, రెండవ పాట పాడుతుండగా వచ్చి వెనుక చాప మీద కూర్చున్నారు.